వినికిడి, నడక, నిద్ర: కేర్ ప్లాన్‌లో మూడు సమస్యలుగా రాయాలా, ఒకటిగానా?

వార్డులో_కొత్త:

అందరికీ నమస్తే. నేను నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఇంద్రియ జ్ఞానం, కదలిక, నిద్ర పాఠాలు ఒకదాని వెనక ఒకటి అయిపోయాయి. ఇప్పుడు మెడికల్ వార్డులో పోస్టింగ్ పడింది. నాకు అప్పగించిన పేషెంట్ ఎనభై దాటిన పెద్దాయన. న్యుమోనియాతో చేరారు. జ్వరం తగ్గింది, ఆక్సిజన్ కూడా తీసేశారు. ఇంట్లో ఉన్నప్పుడు తన పనులన్నీ తనే చేసుకునేవారట, చేతికర్ర కూడా లేకుండా నడిచేవారట. ఇప్పుడు మంచం దిగడం లేదు, కాళ్లు వణుకుతున్నాయంటారు.

పగలంతా మగతగా పడుకునే ఉంటారు. రాత్రయితే నిద్ర ఉండదు. సెలైన్ గొట్టం లాగేస్తారు, ఎవరినో పేరు పెట్టి పిలుస్తారు. ఏం అడిగినా "ఆఁ, ఆఁ" అంటారు. కుడి చెవికి మెషిన్ ఉందని కోడలు చెప్పారు. అది చేతిరుమాల్లో చుట్టి సొరుగులో పెట్టి ఉంది. కళ్లజోడు మంచం కింద బ్యాగులో ఉంది. నైట్ డ్యూటీ వాళ్లు నిద్రమాత్ర రాయించమంటున్నారు.

మా టీచర్ కేర్ ప్లాన్‌లో మూడు నర్సింగ్ సమస్యలు రాసి, ఒక్కోదానికి లక్ష్యం, చెయ్యాల్సిన పనులు రాయమన్నారు. రాశాను కానీ "ప్రశాంత వాతావరణం కల్పించాలి", "నడిచేలా ప్రోత్సహించాలి" లాంటి వాక్యాలే వచ్చాయి. అవి ఏ పేషెంట్‌కైనా రాయొచ్చు. ఈయన దగ్గర దేనితో మొదలుపెట్టాలి? పొద్దున షిఫ్ట్‌లో నేను చేతులతో చెయ్యగలిగిన పని ఏమిటి? చాలా టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

సెకండియర్_స్టూడెంట్:

మాకైతే ప్రాధాన్యాన్ని బట్టి రాయమని చెప్పారు. పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి కదలిక ముందు, తర్వాత నిద్ర, చివర్లో వినికిడి. లక్ష్యం కొలవగలిగేలా ఉండాలి. "రోగి బాగా నడుస్తారు" అని రాస్తే మార్కులు పోతాయి. "మధ్యాహ్నంలోపు ఒకరి సాయంతో కుర్చీ దాకా నడుస్తారు" అని రాయి.

పాత_సిస్టర్:

అమ్మాయీ, కేర్ ప్లాన్ సంగతి తర్వాత చూద్దాం. అంతకంటే ముందు, ఈ రోజే చెయ్యాల్సిన పని ఒకటుంది. ఇంట్లో తన పనులు తను చేసుకున్న మనిషి ఆసుపత్రికి వచ్చిన కొద్ది రోజుల్లోనే ఇలా మారిపోతే, దాన్ని ముసలితనం అని సరిపెట్టుకోకూడదు. పగలు మగత, రాత్రి అలజడి, గంటకో తీరు, మనం చెప్పేదాని మీద ధ్యాస నిలవకపోవడం, ఇవన్నీ డెలీరియం, అంటే ఒంట్లో జబ్బు వల్ల మనసు హఠాత్తుగా తారుమారు కావడం, దాని లక్షణాలు. ఇన్‌ఛార్జి సిస్టర్‌కీ డాక్టర్‌కీ ఈ మాట ఇవాళే చెప్పు. చెప్పేటప్పుడు "కన్ఫ్యూజ్డ్‌గా ఉన్నారు" అని ఊరుకోకు. "చేరక ముందు ఇలా లేరని ఇంట్లోవాళ్లు చెప్పారు, పగటికీ రాత్రికీ తేడా ఉంది, వారం పేర్లు వెనక నుంచి చెప్పమంటే మధ్యలో ఆగిపోతున్నారు" అని చెప్పు. అప్పుడు వెంటనే లేచి వస్తారు. కానీ ఆ పరీక్ష చెవి మెషిన్ పెట్టాకే చెయ్యి. వినపడని మనిషికి మతి తప్పిందని రాసేస్తే అంతకంటే అన్యాయం లేదు.

డాక్టర్ వచ్చేలోపు నువ్వు చూడగలిగినవి కొన్నున్నాయి. పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూడు. గట్టిగా ఉబ్బి ఉంటే మూత్రం నిలిచిపోయి ఉండొచ్చు. విరేచనం ఎప్పుడైందో ఛార్ట్‌లో వెతుకు. నాలుక ఎండిందా, నొప్పి ఎక్కడైనా ఉందా, చేరాక కొత్తగా మొదలుపెట్టిన మందులేమిటి, జ్వరం మళ్లీ వస్తోందా, ఆక్సిజన్ శాతం ఎంత ఉంది, అన్నీ చూడు. పెద్దవాళ్లలో మలబద్ధకం, మూత్రం నిలవడం లాంటి మామూలు విషయాలే మనసును తారుమారు చేస్తాయి. రాత్రి గొడవ చేసేవాళ్లను అందరూ గమనిస్తారు. పగలు నోరు మెదపకుండా పడుకున్నప్పుడు "పాపం విశ్రాంతి తీసుకుంటున్నారు" అని వదిలేస్తారు. ఆ నిశ్శబ్దం కూడా డెలీరియమే కావచ్చు. వార్డుల్లో ఎక్కువగా ఎవరూ గుర్తుపట్టకుండా పోయేది అదే.

నిద్రమాత్ర గురించి. డయాజెపామ్ లాంటివి, అలర్జీ మాత్రల్లో ఉండే డైఫెన్‌హైడ్రమిన్ లాంటివి ఈ వయసులో అయోమయాన్ని పెంచుతాయి, పడిపోయే ప్రమాదాన్నీ పెంచుతాయి. వృద్ధులకు తగని మందులంటూ 1991లో అమెరికా డాక్టర్ మార్క్ బీర్స్ తయారు చేసిన జాబితా ఉంది. ఇప్పటికీ సవరించి వాడుతున్న ఆ జాబితాలో ఈ రెండు రకాలూ ఉన్నాయి. మందు నిర్ణయం డాక్టర్‌దే. కానీ మాత్ర అడగకముందు మనం చెయ్యాల్సినవి చేశామా అని అడిగే హక్కు నీకుంది, విద్యార్థివైనా సరే.

ఇక నీ అసలు ప్రశ్న. మీ పుస్తకంలో మూడు పాఠాలు వేరువేరుగా ఉన్నాయి. ఆ మంచం మీద అవి వేరు కావు. వినపడదు, కనపడదు. కాబట్టి తనెక్కడున్నదీ, వచ్చింది ఎవరన్నదీ అర్థం కాదు. అర్థం కాక భయంతో మంచం దిగరు. దిగకుండా పగలంతా పడుకుంటే కండ బలం తగ్గుతుంది, కునుకులతో రాత్రి నిద్ర పగలే ఖర్చయిపోతుంది. రాత్రి చీకట్లో ఉన్న కాస్త చూపూ పనికిరాదు, భయం ఇంకా పెరుగుతుంది. ఇదేదో నా సొంత సిద్ధాంతం కాదు. అమెరికాలో వృద్ధుల వైద్యం చేసే డాక్టర్ షారన్ ఇనోయే బృందం 1999లో ఒక అధ్యయనం ప్రచురించింది. 70 ఏళ్లు దాటిన 852 మంది ఆసుపత్రి రోగులను తీసుకుని సగం మందికి మామూలు సేవలు, మిగతా సగం మందికి చూపు, వినికిడి, నడక, నిద్ర, నీళ్లు తాగించడం, మాట్లాడిస్తూ మనసును మేలుకొలపడం, ఈ ఆరింటి మీద పట్టుబట్టి పనిచేశారు. మామూలు సేవల్లో ఉన్నవాళ్లలో 15 శాతం మందికి డెలీరియం వస్తే, వీళ్లలో 9.9 శాతానికే వచ్చింది. ఆ పనుల్లో పెద్ద యంత్రాలేమీ లేవు. కళ్లజోడు పెట్టడం, చెవిలో గులిమి చూడటం, రోజుకు మూడుసార్లు నడిపించడం, రాత్రి వెచ్చగా తాగడానికి ఏదైనా ఇచ్చి వీపు మర్దన చెయ్యడం, ఇలాంటివే.

అందుకే సెకండియర్ అమ్మాయి చెప్పిన వరసను నేను తిరగేస్తాను. చెవితో మొదలుపెట్టు.

మెషిన్ తీసి ఆన్ చేసి గుప్పిట్లో మూసి పట్టుకో. సన్నగా కూత వినిపిస్తే పనిచేస్తున్నట్టే. కూత లేకపోతే బ్యాటరీ మార్చు. జింక్ ఎయిర్ బ్యాటరీ అయితే స్టిక్కర్ పీకాక ఒకటి రెండు నిమిషాలు గాలికి ఉంచి అప్పుడు పెట్టాలి. అయినా పలకకపోతే చెవిలోకి వెళ్లే చివర, ట్యూబ్‌లో గులిమి అడ్డుపడిందేమో చూడు. పొడి మెత్తటి గుడ్డతో తుడువు, నీళ్లు తగలనివ్వకు. చెవి రంధ్రంలో గులిమి గడ్డకట్టి ఉంటే నువ్వు పుల్లతో కెలకొద్దు, సిస్టర్‌కి చెప్పు. వాల్యూమ్ తగ్గించి చెవిలో పెట్టి, తర్వాత మెల్లగా పెంచు. చెవిలో పెట్టాక కూడా కూత వస్తుంటే సరిగ్గా కూర్చోలేదని అర్థం.

మాట్లాడేటప్పుడు అరవకు. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి సన్నటి స్వరాలు, స, ష, ఫ లాంటి హల్లులు. అరిస్తే మన గొంతు ఇంకా సన్నబడుతుంది, మాట చెదురుతుంది, పైగా మొహం కోపంగా కనిపిస్తుంది. ఎదురుగా కూర్చుని, వెలుతురు నీ మొహం మీద పడేలా చూసుకుని, గొంతు కాస్త దించి, మాటకూ మాటకూ మధ్య జాగా ఇస్తూ చెప్పు. కిటికీ నీ వెనక ఉంటే ఆయనకు నీ మొహం నల్లగా కనిపిస్తుందంతే. మాస్క్ వేసుకుంటే పెదవులు కనపడవు కాబట్టి అప్పుడు కాగితం మీద పెద్ద అక్షరాలు రాసి చూపించు. ఒకసారి చెప్పింది అర్థం కాకపోతే అదే వాక్యం పదిసార్లు చెప్పకుండా వేరే మాటల్లో చెప్పు. "ఆఁ" అన్నారంటే విన్నారని కాదు. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నలు మానేసి, "ఇప్పుడు మనం ఏం చెయ్యబోతున్నామో నాకు చెప్పండి" అని అడుగు.

కళ్లజోడు సబ్బు నీళ్లతో కడిగి తుడిచి పెట్టు. చదవడానికి వాడేదా, దూరం చూపుదా అని కోడల్ని అడుగు. చదివే జోడు పెట్టుకుని నడిస్తే నేల మసకగా కనిపిస్తుంది, తడబడతారు. ఆయనకు కనిపించేచోట గడియారం, తేదీ ఉండాలి. గదిలోకి వచ్చినప్పుడు పేరు చెప్పు, వెళ్లేటప్పుడు వెళ్తున్నానని చెప్పు. ఇవి అయ్యాకే నడక మాట ఎత్తు. కనపడక, వినపడక కూర్చున్న మనిషిని ఇద్దరు చెరో రెక్క పట్టి లేపబోతే ఆయన పెనుగులాడతారు. అది చూసి మనం "సహకరించడం లేదు" అని రాస్తాం.

వార్డులో_కొత్త:

సిస్టర్, చాలా థ్యాంక్స్. మీరు చెప్పినట్టే ఇన్‌ఛార్జి మేడమ్‌కి చెప్పాను, డాక్టర్ వచ్చి చూసి రక్తపరీక్షలు పంపారు. విరేచనం కాలేదని కూడా తేలింది, దానికి మందు రాశారు. మెషిన్‌లో బ్యాటరీ అయిపోయి ఉంది. కొత్తది వేసి చెవిలో పెట్టాను. కాసేపు నా మొహంలోకి చూసి, "ఇప్పుడు పొద్దునా, సాయంత్రమా?" అని అడిగారు. ఆయన అంతట ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. వారం పేర్లు వెనక నుంచి అడిగితే శనివారం, శుక్రవారం చెప్పి అక్కడే ఆగిపోయారు. అది కూడా డాక్టర్‌కి చెప్పాను.

ఇప్పుడు లేపి కూర్చోబెట్టాలంటే భయంగా ఉంది. పడిపోతే నాదే తప్పు అవుతుంది కదా. వార్డులో కూడా మంచానికి రెండు వైపులా రెయిలింగ్ ఎత్తి ఉంచమంటున్నారు.

ఫిజియోథెరపిస్ట్:

భయం సహజమే కానీ పడుకోబెట్టి ఉంచడం కూడా ప్రమాదమే, అది కనిపించదంతే. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవయసు వాళ్లనే పది రోజులు మంచం మీద ఉంచితే, కాళ్ల కండ దాదాపు కిలో తగ్గింది. మీ పేషెంట్ ఆరోగ్యంగా కూడా లేరు. కాళ్లు వణుకుతున్నాయంటే అందులో ఆశ్చర్యం లేదు.

ముందు డాక్టర్ అనుమతి ఉందో లేదో చూసుకోండి. పడుకుని అయిదు నిమిషాలు గడిచాక బీపీ తీయండి. మంచం తల వైపు ఎత్తి కాసేపు ఉంచండి, తర్వాత మంచం అంచున కాళ్లు కిందికి వేలాడేలా కూర్చోబెట్టండి. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, మంచం ఎత్తు అందుకు తగ్గట్టు దించండి. మడమ దగ్గర నుంచి పాదం పైకీ కిందికీ కొన్నిసార్లు ఆడించమనండి. ఆ సమయంలో మొహం పాలిపోయిందా, చెమట పట్టిందా, మాట తగ్గిందా అని చూస్తూ ఉండండి. నిలబెట్టాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు బీపీ మళ్లీ తీయండి. పై అంకె 20 కానీ, కింది అంకె 10 కానీ అంతకంటే ఎక్కువ కానీ పడితే ఆ రోజు నడక వద్దు. కూర్చోబెట్టి డాక్టర్‌కి చెప్పండి.

లేపేటప్పుడు చంకల కింద చేతులు పెట్టి లాగకండి. మొదటిసారి ఒక్కరే లేపకండి, సిస్టర్‌ను పక్కన ఉండమనండి. నడుముకు బెల్ట్ ఉంటే దాన్ని పట్టుకోండి. ఆయన పాదాలు వెనక్కి జరుపుకుని, "ముక్కు మోకాళ్ల మీదికి వచ్చేలా" ముందుకు వంగితే సగం బరువు తనే లేపుకుంటారు. వాకర్ ఇస్తే, చేతులు పక్కన వదిలి నిలబడినప్పుడు దాని పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలి. పొట్టి వాకర్ ఇస్తే వంగి నడుస్తారు, నడుము నొప్పి పెడుతుంది. వీల్‌చైర్ అయితే రెండు బ్రేకులూ వేసి, కాళ్లు పెట్టే పలకలు మడిచాకే కూర్చోబెట్టండి. ఉత్త సాక్స్‌తో నడిపించొద్దు.

రెయిలింగ్ గురించి ఒక్క మాట. అయోమయంలో ఉన్న మనిషి రెయిలింగ్ చూసి ఆగరు, దాని మీదుగా ఎక్కుతారు. అప్పుడు పడే ఎత్తు ఇంకా ఎక్కువ. మంచం పూర్తిగా దించి ఉంచడం, కాలింగ్ బెల్ చేతికి అందేలా పెట్టడం, గంట గంటకీ వెళ్లి "బాత్రూమ్‌కి వెళ్దామా?" అని అడగడం వీటికంటే మేలు. రాత్రి పడిపోయేవాళ్లలో చాలామంది బాత్రూమ్ కోసం లేచినవాళ్లే.

అమ్మతో_ఇంట్లో:

నేను నర్సుని కాదు. ఇంట్లో మా అమ్మను చూసుకుంటున్నాను. పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. మీ మాటలు చదువుతుంటే మా ఇంటి గురించే అనిపించింది. కంచంలో కుడి సగమే తింటుంది, ఎడమ సగం అలాగే ఉంటుంది. ఎడమ వైపు నుంచి పలకరిస్తే తిరగదు. ఆసుపత్రిలో డిశ్చార్జ్ చేసేటప్పుడు రెండు గంటలకోసారి పక్కకు తిప్పమన్నారు. తిప్పిన ప్రతిసారీ మెలకువ వస్తుంది, ఆ తర్వాత తెల్లారేదాకా నిద్ర పట్టదు. తిప్పకపోతే పుండ్లు పడతాయని భయం, తిప్పితే నిద్ర చెడుతుంది. ఏది వదులుకోవాలో తెలియడం లేదు. నాకూ నిద్ర లేదు.

పాత_సిస్టర్:

మీ ప్రశ్న చాలామంది నర్సులు పైకి అడగని ప్రశ్న. రెండూ నిలుపుకునే దారి ఉంది.

రెండు గంటలన్నది అందరికీ ఒకేలా వర్తించే లెక్క కాదు. ఒత్తిడి పుండు ఎవరికి వచ్చే ప్రమాదముందో చూడటానికి బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ అనే నర్సింగ్ పరిశోధకులు 1987లో ఒక స్కేల్ ఇచ్చారు. దాన్నే బ్రేడెన్ స్కేల్ అంటారు. అందులో మొదటి అంశమే స్పర్శ, నొప్పి తెలియడం. తర్వాత తేమ, ఎంత లేచి తిరుగుతున్నారు, పడుకున్నచోట ఎంత కదులుతున్నారు, పోషణ, చర్మం రాపిడి. మొత్తం 6 నుంచి 23 మార్కులు, తగ్గే కొద్దీ ప్రమాదం ఎక్కువ. మీ అమ్మగారికి ఎడమ వైపు స్పర్శ తక్కువైతే, మనం నిద్రలో తెలియకుండానే ఒత్తిగిలినట్టు ఆమె ఒత్తిగిలలేరు, ఒరుసుకుంటున్నట్టు తెలియదు కూడా. అందుకే తిప్పమన్నారు. అదే బెర్గ్‌స్ట్రామ్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో, వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో ఒత్తిడిని పంచే మందపాటి ఫోమ్ పరుపుల మీద ఉన్నవాళ్లను రెండు, మూడు, నాలుగు గంటలకోసారి తిప్పి పోల్చి చూశారు. పుండ్లు రావడంలో తేడా కనపడలేదు. అంటే మంచి పరుపు ఉండి, చర్మం బాగున్నప్పుడు రాత్రి వ్యవధి పెంచే అవకాశం ఉంది. మామూలు దూది పరుపుకు ఈ మాట వర్తించదు. మీ అంతట మీరు మార్చకుండా, చూస్తున్న నర్సునో డాక్టర్నో అడిగి మెల్లగా పెంచండి. పెంచిన మర్నాడు పొద్దున చర్మమే జవాబు చెబుతుంది.

చర్మం ఎలా చూడాలంటే, త్రికాస్థి అంటే వెన్ను కింద పిరుదుల మధ్య ఎముక, తుంటి, మడమలు, చీలమండ, మోచేతులు, చెవి అంచు కూడా చూడండి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎరుపెక్కాలి. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే పుండు మొదలైనట్టే, ఆ వైపు ఇక పడుకోబెట్టకూడదు. చామనఛాయ, నలుపు చర్మంలో ఎరుపు స్పష్టంగా కనపడకపోవచ్చు. పుస్తకాల్లో ఫోటోలు ఎక్కువగా తెల్ల చర్మానివే కావడంతో చాలామంది ఇక్కడే పోల్చుకోలేరు. చేతి వెనక భాగంతో తాకి, పక్క చర్మం కంటే వెచ్చగా ఉందా, గట్టిగా కానీ మెత్తగా గుజ్జులా కానీ ఉందా, రంగు ఊదాగా మారిందా చూడండి. అక్కడ మర్దన చెయ్యొద్దు, లోపల కణజాలం ఇంకా నలుగుతుంది. గాలి నింపే రింగు దిండు కూడా వద్దు. దాని అంచు చుట్టూ రక్తప్రసరణ ఆపేస్తుంది.

తిప్పేటప్పుడు పూర్తిగా పక్కకు పడుకోబెట్టాల్సిన పని లేదు. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు ఒరిగేలా ఉంచితే తుంటి ఎముక మీద బరువు పడదు, త్రికాస్థి మీదా పడదు. మీ చెయ్యి అరచేయి పైకి ఉండేలా త్రికాస్థి కిందికి దూర్చి చూడండి. ఎముక పరుపుకు ఆనకుండా ఉంటే సరిగ్గా ఉన్నట్టే. పిక్కల కింద పొడవునా దిండు పెట్టి మడమలు గాల్లో తేలేలా ఉంచండి. ఈ పద్ధతిలో దుప్పటి పట్టుకుని ఒరిగించి దిండు మార్చితే చాలు, మనిషిని లేపక్కర్లేదు. పెద్ద లైటు వెయ్యకండి, నేల దగ్గర చిన్న లైటు సరిపోతుంది. తిప్పేముందు చెయ్యి మీద చెయ్యి వేసి "అమ్మా, ఒరిగిస్తున్నాను" అని మెల్లగా చెప్పండి. నిద్రలో ఉన్న మనిషిని చెప్పకుండా కదిపితే ఉలిక్కిపడి లేస్తారు.

నిద్ర దాదాపు 90 నిమిషాల చుట్లుగా నడుస్తుంది. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి భాగంలోనే వస్తుంది. కాబట్టి పడుకోబెట్టే ముందే మందులు, మూత్రం, ప్యాడ్ మార్చడం, నొప్పి మాత్ర, అన్నీ ఒకేసారి ముగించి ఆ మొదటి గంటలు ముట్టుకోకుండా ఉంచడానికి చూడండి. తర్వాత కూడా తిప్పడం, తడి చూడటం ఒకే రాకలో చెయ్యండి. ఒళ్లు నీరు లాగడానికి ఫ్యూరోసమైడ్ లాంటి మాత్ర సాయంత్రం వేస్తున్నారా? దాని ప్రభావం ఆరు గంటలకు పైగా ఉంటుంది, రాత్రంతా మూత్రానికి లేవాల్సి వస్తుంది. పొద్దుటికి మార్చొచ్చా అని డాక్టర్‌ని అడగండి. స్టెరాయిడ్ ఉంటే అది కూడా పొద్దుటే మంచిది.

కంచం సంగతి. అమ్మగారు అన్నం వద్దని వదిలెయ్యడం లేదు, ఆ సగం ఆమె దృష్టిలో లేదు. రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి ఎడమ వైపు చూపు పోవడం, రెండోది చూపు ఉన్నా మెదడు ఆ వైపును పట్టించుకోకపోవడం. మొదటి రకం వాళ్లకు చెబితే తల తిప్పి వెతుకుతారు. రెండో రకం వాళ్లకు ఒక వైపు లేదన్న సంగతే తెలియదు, అందుకే పదే పదే గుర్తు చెయ్యాలి. తినేటప్పుడు మధ్యలో కంచాన్ని తిప్పండి. కాలింగ్ బెల్, నీళ్లు, కళ్లజోడు కుడి వైపు పెట్టండి, అవి భద్రతకు కావాల్సినవి. కానీ మీరు కూర్చుని కబుర్లు చెప్పేటప్పుడు మాత్రం కాస్త ఎడమకు జరిగి, ఆ చేతిని తాకి, తల తిప్పి చూసేలా పిలవండి. ఆ ఎడమ చెయ్యి పట్టుకుని మాత్రం ఎప్పుడూ లాగి లేపొద్దు, భుజం కీలు జారుతుంది. మంచం నుంచి కుర్చీలోకి మార్చేటప్పుడు కుర్చీ కుడి వైపు, అంటే బలమున్న వైపు ఉండాలి. స్నానం నీళ్ల వేడి మీ మోచేత్తో చూడండి. ఎడమ చెయ్యి కాలినా ఆమె చెప్పలేరు.

మీ నిద్ర గురించి రాశారు కదా. వారంలో కొన్ని రాత్రులైనా ఇంకొకరు ఆ బాధ్యత తీసుకునేలా ఇంట్లో గట్టిగా మాట్లాడండి. నిద్రలేని చేతులతో మనిషిని ఎత్తడం మీకూ మంచిది కాదు, ఆమెకూ మంచిది కాదు.

వార్డులో_కొత్త:

అన్నీ నోట్ చేసుకున్నాను. ఫిజియో సర్ చెప్పినట్టు ఇన్‌ఛార్జి మేడమ్ పక్కన ఉండగా కూర్చోబెట్టాం, నిలబెట్టాం. పై అంకె 12 తగ్గింది, కళ్లు తిరగలేదన్నారు. కిటికీ దగ్గర కుర్చీ దాకా వచ్చి మధ్యాహ్నం భోజనం అక్కడే చేశారు. మెషిన్ చెవిలో ఉన్నంతసేపూ కోడలితో మాట్లాడుతూనే ఉన్నారు, పగలు తక్కువ పడుకున్నారు. రాత్రి ఎలా ఉంటుందో తెలియదు.

రెండు సందేహాలు. కేర్ ప్లాన్ చివరికి మూడు సమస్యలుగానే రాయనా? ఇంకోటి, నైట్ ఛార్ట్‌లో అందరికీ "స్లెప్ట్ వెల్" అనే ఉంటుంది. ఈయన మేలుకున్న రాత్రులకు కూడా ఒకచోట అదే ఉంది. నిద్రను ఎలా రాయాలి?

సెకండియర్_స్టూడెంట్:

మా ఛార్టుల్లో కూడా అంతే. నేనూ వరస మార్చి రాయబోతున్నాను, పాత సిస్టర్ చెప్పింది చదివాక కదలికను ముందు పెట్టడం కుదరదనిపిస్తోంది.

పాత_సిస్టర్:

టీచర్ మూడు అడిగారు కాబట్టి మూడే రాయి, కానీ "కారణం" అన్న గడిలో ఒకదాన్ని ఇంకోదానికి ముడిపెట్టు. నడవలేకపోవడానికి కారణాల్లో బలహీనతతో పాటు "కళ్లజోడు, వినికిడి యంత్రం లేకపోవడం వల్ల పరిసరాలు తెలియకపోవడం" అని రాయి. నిద్రకు కారణాల్లో "పగలు మంచం దిగకపోవడం" అని రాయి. చెయ్యాల్సిన పనులకు టైము పెట్టు. "ఉదయం మొహం కడిగిన వెంటనే మెషిన్, జోడు పెట్టడం. మూడు పూటలా భోజనం కుర్చీలో. మధ్యాహ్నం కునుకు అరగంట దాటకుండా. చీకటి పడ్డాక మెషిన్ తీసి, డబ్బాలో పెట్టి, డబ్బా ఎక్కడుందో రాయడం." అప్పుడు ఈ కాగితం ఇంకో పేషెంట్‌కి సరిపోదు. డెలీరియం అనుమానం మాత్రం ఈ మూడింటికీ పైన, విడిగా ఉండాలి. నువ్వు డాక్టర్‌కి ఎప్పుడు చెప్పావో కూడా రాయి.

నిద్ర రాయడం గురించి. నర్సు తలుపు దగ్గర నుంచి చూసినప్పుడు కళ్లు మూసుకుని ఉన్నారంటే నిద్రపోయారని కాదు. చూసిన ప్రతిసారీ టైము వేసి, "కళ్లు మూసి ఉన్నాయి, ఊపిరి నిదానంగా ఉంది" అనో, "మేలుకుని ఉన్నారు, మంచం అంచున కాళ్లు వేశారు" అనో కనిపించిందే రాయాలి. మెలకువ ఉంటే పక్కనే కారణం రాయాలి. మూత్రానికా, దగ్గుకా, నొప్పికా, పక్క మంచం మానిటర్ మోతకా, మనమే బీపీ తీయడానికి లేపామా. ఆసుపత్రి గదుల్లో రాత్రి శబ్దం సగటున 30 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. మామూలుగా మాట్లాడుకునే గొంతే దాదాపు 60 ఉంటుంది. నర్సుల టేబుల్ దగ్గర మన కబుర్లు, ట్రాలీ చక్రాల చప్పుడు కూడా ఆ కారణాల గడిలోకి రావాలి, అక్కడ మొహమాటం వద్దు. పొద్దున ఆయన్నే అడిగి, ఆయన చెప్పిన మాట ఆయన మాటల్లోనే రాయి. వరసగా రెండు రాత్రులు అలా రాసిన కాగితం పెడితే, తెల్లవారుజామున నాలుగింటికి తీసే బీపీ అవసరమా అని డాక్టర్‌ని నువ్వే అడగొచ్చు. జ్వరం లేకుండా నిలకడగా ఉన్న పేషెంట్ అయితే దాన్ని ఆరింటికి జరపడానికి సాధారణంగా ఒప్పుకుంటారు.